నాలుగో లేన్‌లో మా అమ్మాయి

ఆదివారం పొద్దున్న కళ్ళజోళ్ళాయన ఇంట్లో పథకం చాలా సాదాగా ఉంది. కూతురు చిట్టి రెండు రొట్టెముక్కలు తినాలి, అరటిపండు సంచిలో వేసుకోవాలి, ఈతపోటీకి నలుగురూ ఆమె వెంట వెళ్ళాలి. ఇందులో చిట్టికి నచ్చనిది ఆఖరి అంశం ఒక్కటే.

నలుగురంటే, కళ్ళజోళ్ళ షాపు నడిపే నాన్న, అమ్మ, నాయనమ్మ, మావయ్య. వీళ్ళలో ఒక్కరికీ ఈత రాదు. నాయనమ్మయితే జన్మలో చెంబూ బకెట్టూ దాటి నీళ్ళ జోలికి పోలేదు. అయినా చేపపిల్లకి ఈత నేర్పగల ధీమా నలుగురికీ పుష్కలంగా ఉంది. పోయిన పోటీలో నాన్న గట్టు మీంచి "కుడి చెయ్యి! కుడి చెయ్యి!" అని పెట్టిన కేకకి చిట్టి తల తిప్పి చూసి, పక్కనున్న తాడుకి చిక్కుకుని, అందరికన్నా వెనక తేలింది. ఆ సాయంత్రమంతా ఇంట్లో ఆమె కుడి చేతి మీద చర్చ జరిగింది. ఈసారీ ఇలాగే అయితే ఈత మానేస్తానని చిట్టి కోచ్ మేడమ్‌కి మాత్రం చెప్పింది.

"ఇదిగో, నీకోసమే కొన్నాను," అంటూ అమ్మ కొత్త రబ్బరు టోపీ తీసింది. గుడ్డు పచ్చసొన రంగు. "నీళ్ళల్లో అందరూ ఒకేలా కనిపిస్తారు. ఇది పెట్టుకుంటే నీ మీంచి చూపు తిప్పుకోమన్నా తిప్పుకోలేం."

"అదే నా భయం."

"భయమెందుకే, మేమున్నాంగా!" అంది నాయనమ్మ.

దుస్తులు మార్చుకునే గదిలో ఓ పిల్ల చిరిగిన టోపీ పట్టుకుని ఏడుపు ముఖంతో కూర్చుని ఉంది. టోపీ లేకపోతే నీళ్ళలోకి దిగనివ్వరు.

"మీవాళ్ళని అడిగి ఇంకోటి తెప్పించుకో," అంది చిట్టి.

"ఎవరూ రాలేదు. మా నాన్న బస్సు డ్రైవరు. ఆదివారాలు కూడా డ్యూటీయే."

"ఒక్కరు కూడా రాలేదా?" చిట్టి గొంతులో పలికింది జాలి కాదు, అసూయ. సంచిలో పాత నల్లటోపీ ఉన్న సంగతి ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. స్వామికార్యం, స్వకార్యం రెండూ కలిసొచ్చాయి. "ఇది తీసుకో. కొత్తది. దూరానికి కూడా బాగా కనిపిస్తుంది."

అలా పసుపుపచ్చ టోపీ నాలుగో లేన్‌కీ, నల్లటోపీ ఆరో లేన్‌కీ చేరాయి.

గట్టు మీద నలుగురూ ముందు వరస ఆక్రమించుకున్నారు. నాన్న పక్కనే మెడలో కెమెరా వేసుకున్న పత్రికా విలేకరి కూర్చున్నాడు.

"ఆ పసుపు టోపీ మా అమ్మాయండీ," అన్నాడు నాన్న, అతను అడగకుండానే.

ఈల మోగింది. పిల్లలు దూకారు. నలుగురి గొంతులూ ఒక్కసారి లేచాయి.

"లాగు తల్లీ, లాగు! కుడి చెయ్యి! కాళ్ళు ఆపకు!"

బస్సు డ్రైవరు కూతురికి ఆ కేకలు నీళ్ళలోంచి వినిపించాయి. పుట్టి బుద్ధెరిగాక తనకోసం ఎవరూ అలా గొంతు చించుకోలేదు. ఎవరో ఏమిటో ఆలోచించకుండా కుడి చెయ్యంటే కుడి చెయ్యి, కాళ్ళంటే కాళ్ళు ఆడించేసింది.

ఆరో లేన్‌లో చిట్టికి మాత్రం, ఆ కేకలు తనకి కావు గనక, నీళ్ళ చప్పుడే వినిపించింది. నీళ్ళకింత హాయైన చప్పుడుంటుందని ఆమె దాదాపు మరిచిపోయింది.

"మనమ్మాయి ఈత చూసి, ఆ నల్లటోపీ పిల్లని చూడండి," అన్నాడు నాన్న విలేకరితో. "ఈదడమా అది, దుప్పట్లు ఉతకడమా?"

"మీ నోటికో దండం! పాపం, ఎవరు కన్నబిడ్డో," అని అమ్మ కసిరింది.

"వాళ్ళ నాన్నయినా చెప్పుకోవద్దూ?" అన్నాడు మావయ్య.

పసుపు టోపీ మొదటగా గోడ తాకింది. ఆ తర్వాత జరిగినది ఆపడం నిర్వాహకుల తరం కాలేదు. అమ్మ అడ్డుకట్ట దాటి పరుగెత్తి, పిల్లని తువ్వాల్లో చుట్టేసి, నోట్లో అరటిపండు కుక్కింది. నాయనమ్మ తడి బుగ్గల్ని ముద్దులతో ముంచెత్తింది. మావయ్య తడిగచ్చు మీద జారి, కూర్చున్న చోటినుంచే చప్పట్లు కొట్టాడు. నాన్న విలేకరికి విషయం వివరిస్తున్నాడు.

"ఇదంతా మా వంశంలో ఉందండీ. నా ముక్కు చూడండి, దాని ముక్కు చూడండి. రాసుకోండి!"

విలేకరి రెండు ముక్కులూ చూసి రాసుకున్నాడు. నోటినిండా అరటిపండున్న పిల్ల ఏమీ అనలేకపోయింది.

అప్పుడు అమ్మ ఆ పిల్ల ఈత కళ్ళద్దాలు తీసింది. తువ్వాలు ఆమె చేతుల్లోంచి జారిపోయింది.

"ఇదెవరు?" అన్నాడు నాన్న.

"నాలుగో లేన్ అండీ," అంది ఆ పిల్ల, పండు మింగి.

"ముక్కు మాత్రం బావదే అక్కా," అన్నాడు మావయ్య కింద నుంచి.

విలేకరి కలం జేబులో పెట్టుకున్నాడు. అంతలో చిట్టి, వెనకే కోచ్ మేడమ్ వచ్చారు. చిట్టి మెడలో పతకం ఉంది.

"మూడోదాన్ని వచ్చాను. ఆరో లేన్. నల్లటోపీ."

మావయ్య ఏదో అనబోయాడు. అమ్మ గట్టిగా గిల్లింది. నాన్న ముఖం మాత్రం మాడిపోయింది.

"ఇంత వేగంగా ఎప్పుడూ ఈదలేదండీ మీ అమ్మాయి," అంది కోచ్ మేడమ్.

"దానికోసం మేం అరవకపోయినా?"

"అరవలేదు కాబట్టే."

చిట్టి ఈత మానేస్తానన్న సంగతి కూడా మేడమ్ చెప్పేసరికి నాన్న బల్ల మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ పిల్లకి బలం అనుకున్నది బరువని ఆయనకి అప్పుడే తెలిసింది. చిట్టి తడి బట్టలతోనే వచ్చి పక్కన కూర్చుంది.

"మీరు రావద్దని కాదు నాన్నా. మీరున్నారని తెలియాలి. వినిపించకూడదు, అంతే."

"మానేస్తానన్నావటగా, మేడమ్ ఇప్పుడే చెప్పింది."

"ఇప్పుడు మానను."

నాన్న ఆమె తల నిమిరాడు. "సరే తల్లీ. కానీ ఈ గొంతేం చేసుకోను?"

"నాకిచ్చెయ్యండి అంకుల్," అంది బస్సు డ్రైవరు కూతురు. "వచ్చే పోటీకి కూడా వస్తారా? అందరూ?"

నాయనమ్మ కళ్ళు చెమర్చాయి. ఒప్పందం అక్కడికక్కడే కుదిరింది. చిట్టికి మౌనం, ఆ పిల్లకి కేకలు.

ఆ నెలంతా చిట్టి హాయిగా ఈదింది. నాయనమ్మ మూడుపూటలా ఫోన్ చేసి ఆ పిల్ల ఏం తిన్నదో కనుక్కుంది. అమ్మ ఆమెకి నిద్ర గురించి జాగ్రత్తలు చెప్పింది. మావయ్య ఆ పిల్ల వీధిలో ఆమెతో పాటు పరుగెత్తబోయి చీలమండ బెణికించుకున్నాడు. నాన్న ఆమె స్కూలు గేటు దగ్గర నిలబడి కుడి చెయ్యి ఎలా తిప్పాలో చూపించాడు.

తర్వాతి పోటీ రోజు, దుస్తులు మార్చుకునే గదిలో ఆ పిల్ల చిట్టి పక్కకి జరిగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది: "మీవాళ్ళకి డ్యూటీలేమీ ఉండవా?"