దయ్యాల పేజీలో మామయ్యగారు

ఇర్వింగ్‌లోని అపార్ట్‌మెంట్‌లో ఆ ఉదయం భీమశంకర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. క్లయింటుకి డెమో ఇచ్చేసి, మామగారు లక్ష్మీపతిని గోంగూర కోసం ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్ళాలి. క్లయింటంటే ఇంగ్లండ్ పల్లెలో ఓ పాతకాలపు బంగళా. జనం అక్కడ టికెట్టు కొనేది గదులు చూడ్డానికి కాదు, దయ్యాల కోసం. ఆ దయ్యాలకి వెబ్‌సైటు కట్టే భాగ్యం శంకరానికి దక్కింది.

వీడియో కాల్లో డెమో నడుస్తుండగా బంగళా మేనేజరమ్మ ఓ కొత్త దయ్యం గురించి మురిపెంగా చదివింది. "సర్ లక్ష్మీపతి. 1704లో మరణం. తెల్లవారకముందే చెప్పులీడ్చుకుంటూ తిరుగుతాడు. గొంతు సవరించుకుంటాడు. మనుషులున్న గదుల్లో కూడా లైట్లు ఆర్పేస్తాడు."

అవి శంకరం రాతలే. ఓ రోజు తను పనిచేస్తుండగానే మామగారు లైటార్పేస్తే, ఒళ్ళుమండి, ఖాళీ పేజీలో టెస్టింగ్ కోసం కొట్టిన ముక్కలవి. తీసెయ్యడం మరిచిపోతే, అవి అలాగే సైట్‌లోకి వెళ్ళిపోయాయి.

"మేడమ్, అది డమ్మీ డేటా..."

"డమ్మీ ఏంటి? సైట్‌లోకి వచ్చిన వారంలోనే ఎంతమందికి కనిపించాడో! మా తోటమాలి వాళ్ళ తాతని కూడా అప్పట్లో ఈయనే భయపెట్టాడట. టూర్లన్నీ బుక్ అయిపోయాయి!"

నిజం చెబితే క్లయింటు పోతుంది, చెప్పకపోతే మామగారి పరువు పోతుంది. శంకరం మళ్ళీ నోరు తెరిచేలోగా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. స్క్రీన్ మీద మేనేజరమ్మ కెవ్వుమంది. చేతిలో సంచితో లక్ష్మీపతి నిలబడి ఆ పేజీ చదువుతున్నారు.

"అల్లుడుగారూ, అది నా పేరేనా?"

"టెస్టింగ్ కోసం, మామయ్యగారూ..."

"లైట్లు ఆర్పేది మీ కరెంటు బిల్లు తగ్గుతుందని బాబూ."

శంకరానికి సిగ్గుతో చచ్చినంత పనైంది. క్లయింటు పోతే పోయిందనుకుని, ఈయన బతికున్న మనిషని, తన మామగారేనని, ఆ రాతలు తనవేనని మేనేజరమ్మకి చెప్పేశాడు. ఆమె మొహం పాలిపోయింది.

"ప్లీజ్, ఎవరికీ చెప్పకండి. టికెట్లు అమ్మేశాం."

"ఉండనివ్వండి," అన్నారు లక్ష్మీపతి. "మా పొన్నూరులో ఇంగ్లండ్ దాకా పేరు వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. ఏదీ, ఆ లింకు నాకు పంపండి."

పంపిన మరుక్షణం ఆయన దాన్ని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. చుట్టాలు పేరు చూశారు, పక్కనే మరణం అన్న ముక్క చూశారు. సంవత్సరం మాత్రం ఎవరూ చూడలేదు. ఇంకా కారెక్కకముందే పరామర్శ ఫోన్లు మొదలయ్యాయి.

అన్నిటికీ లక్ష్మీపతిగారే ఓపిగ్గా జవాబిచ్చారు. "అల్లుడు సరిగ్గా చూసుకోలేదా ఏంటి?" అని అడిగినవాళ్ళకి మాత్రం ఫోన్ శంకరం చేతికిచ్చారు.