పొయ్యి కూసిన ఉదయం

ఆ రోజుకు గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు గుడ్లు ఉడికించుకుని తిని, తొమ్మిదింటికల్లా బడివాళ్ళ గోడగడియారం ఇచ్చేసి రావాలి. రోజూ వాడే స్టీలు గిన్నె పిడి ముందురోజే ఊడిపోయింది. అందుకని అటక మీంచి భార్య వాడిన పాత అల్యూమినియం గిన్నె దించి, నీళ్ళు పోసి, కరెంటు పొయ్యి మీద పెట్టి మీట నొక్కాడు. పొయ్యి కుయ్‌మని కూసి, ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం, పక్కన సున్నా చూపించింది.

పొయ్యితోపాటు వచ్చిన పుస్తకంలో దానికి అర్థం ‘వంటపాత్ర లేదు’ అని ఉంది. ఆయన గిన్నె వంక చూశాడు. గిన్నె ఉంది. తీసి మళ్ళీ పెట్టాడు, జరిపాడు, అడుగు తుడిచాడు. లేదంటే లేదనే కూసింది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ గడియారాలు బాగుచేసిన మనిషికి ఒక పొయ్యి ఇలా ఎదురుచెప్పడం నచ్చలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే, బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళే ఫిర్యాదు చేయాలన్నారు. బిల్లు అక్క పేరున ఉంది. భార్య పోయినప్పుడు, తన దగ్గరికి వచ్చి ఉండమని అక్క బతిమాలితే, “నన్ను నా మానాన వదిలెయ్” అన్నాడాయన. ఆమె మాట నిలబెట్టింది. రెండేళ్ళలో వచ్చింది ఈ పొయ్యి ఒక్కటే, అదీ ఉత్తరం ముక్క లేకుండా పార్సిల్లో. ఆయన చాలాసేపు ఆలోచించి, ‘ఆగిపోయింది. బిల్లు కావాలి’ అని సందేశం పంపాడు.

జవాబు కోసం కూర్చోవడం ఇష్టంలేక మళ్ళీ పుస్తకం తీశాడు. ఏం చేసినా లాభం లేకపోతే ఇంటి మెయిన్ పది నిమిషాలు ఆపమని ఉంది. మెయిన్లన్నీ కింద మెట్ల పక్కన ఉంటాయి, దేనిమీదా పేరు ఉండదు. కూత ఆగితే తనది దొరికినట్టేనని పొయ్యిని కూస్తూనే వదిలి, తలుపు బార్లా తెరిచి దిగాడు. మూడో మీట దించగానే కూత ఆగింది. ఒక నిమిషం కూశాక ఆ పొయ్యి తనంతట తానే ఆగిపోతుందని ఆయనకు తెలియదు. ఆయన దించింది లిఫ్టు మీట. చేతిగడియారం చూసుకుంటూ సరిగ్గా పది నిమిషాలు నిలబడ్డాడు. ఆ పది నిమిషాలూ పై అంతస్తు నర్సమ్మ లిఫ్టులో తలుపు బాదుతూనే ఉంది.

ఈలోగా కూత విన్న వాచ్‌మన్, మెయిన్ ఆపడానికి దిగుతున్న ఆయన్ని మెట్ల మీద దాటి పైకెళ్ళాడు. ఇంట్లో ఎవరూ లేరు. బల్లమీద ఫోన్ మోగుతుంటే తీశాడు. అవతల ఎవరో ఆడమనిషి ఆయన ఎలా ఉన్నాడని కంగారుగా అడిగింది.

“ఆయన పోయారండీ,” అన్నాడు వాచ్‌మన్.

మెయిన్ ఆపడానికి కిందికి, అని చెప్పేలోపే అవతల ఫోన్ కిందపడ్డ చప్పుడయింది.

నర్సమ్మతో చివాట్లు తిని పైకొచ్చిన గడియారాలాయన ఫోన్‌లో అక్క నంబరు చూసి తిరిగి చేశాడు. ఆపేసి ఉందని వచ్చింది. మూడుసార్లు చేశాడు. ఇంకా కోపం పోలేదనుకున్నాడు. పొయ్యి కూడా కూయని ఆ ఇంట్లో ఇరవైమూడు గడియారాల చప్పుడు మాత్రం మిగిలింది. బడికి వెళ్ళబుద్ధి కాలేదు. పచ్చి గుడ్ల ముందు కూర్చుని ఎండిన రొట్టె కొరికాడు.

పదకొండున్నరకు అక్క బస్సు దిగి ఏడ్చుకుంటూ వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్‌ను, ఎక్కడ ఉంచారని అడిగింది.

పొద్దుటినుంచీ అందరూ పొయ్యి గురించే అడుగుతున్నారు. “వంటింట్లోనే అమ్మా. వాళ్ళ మనిషి వచ్చి విప్పి చూసేదాకా కదపొద్దన్నారు,” అన్నాడు వాచ్‌మన్.

ఆమె గోడ పట్టుకుంది. మూడంతస్తులూ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. తలుపు తోసేసరికి తమ్ముడు నోట్లో రొట్టెముక్కతో లేచి నిలబడ్డాడు.

“బిల్లు తెచ్చావా అక్కా?” అన్నాడు, ఇంకేమీ తోచక.

ఆమె దగ్గరికొచ్చి చెంప తడిమింది. వెచ్చగా ఉంది. అదే చెంప మీద ఒక్కటి వేసింది.

ముక్కు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిన అక్క, పొయ్యి మీది గిన్నె చూసి ఆగింది. “ఇది మరదలి గిన్నె కదరా.”

“అవును.”

“ఇది ఇండక్షన్ పొయ్యి, అల్యూమినియం దీనికి పనికిరాదురా. పొయ్యి దృష్టిలో దానిమీద ఏమీ లేనట్టే.” నీళ్ళు పిడి ఊడిన గిన్నెలోకి వంచి మీట నొక్కింది. పొయ్యి నోరెత్తలేదు. పాత గిన్నెను తుడిచి, అటక మీద కాకుండా, కిటికీలో పెట్టింది.

గుడ్లు ఉడుకుతుండగా ఆయన, ఆఫీసులో ఏం చెప్పి వచ్చావని అడిగాడు. తమ్ముడు పోయాడని చెప్పి పది రోజులు సెలవు తీసుకున్నానంది. రేపే వెళ్ళి కాదని చెప్పొచ్చుగా అన్నాడు.

“అంతమంది ముందు అంత ఏడ్చి, రేపు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?” అని అక్క సంచి తీసుకెళ్ళి లోపలి గదిలో పెట్టింది.

ఆ పది రోజులూ గడియారాలాయన మూడు పూటలా వేడివేడిగా తిన్నాడు. అక్క ఆఫీసు కాగితాల్లో మాత్రం ఇప్పటికీ పోయినవాడే.