చిలక చోట ఉపాధ్యక్షులవారు

దాతల ఫొటోలు లేని కావ్యం కూడా ఒక కావ్యమేనా? అడుగుతున్నాను, జవాబు చెప్పండి!

సెంటర్లో ఫ్లెక్సీలు చూసి విసుక్కునే మహానుభావులు బందరులో చాలామందే ఉన్నారు. వాళ్లందరూ మా సాహితీ సంఘం మొన్న అచ్చువేసిన బొమ్మల కావ్యాన్ని ఒకసారి చూడాలి. పాత ప్రబంధం, నున్నటి ఆర్ట్ పేపరు, పేజీకో బొమ్మ. బొమ్మకు నాలుగేసి ఫొటోలు!

బొమ్మలు వేసింది పెడన దుర్గారావు. ముప్పై ఏళ్లుగా కలంకారీ అచ్చులకు డిజైన్లు గీస్తున్నాడు. ఈ పుస్తకానికి రెండేళ్లు కూర్చున్నాడు. రెల్లుపూలు ఎలా ఊగుతాయో చూడాలని బస్సెక్కి తోట్లవల్లూరు రేవుకి వెళ్లొచ్చాడట! గూగుల్లో దొరకవూ? ఒట్టి చాదస్తం. మమ్మల్ని మాత్రం ఒక్కటే అడిగాడు.

"చీర మీద గీసినోడి పేరుండదు కదండీ. పుస్తకంలోనైనా ఉంటే మా అమ్మాయికి చూపించుకుంటానండీ."

"దానికేముందయ్యా, తప్పకుండా!" అన్నారు మా అధ్యక్షులు ప్రభాకర్ గారు.

ఆ తర్వాత గుడివాడ నుంచి దాతలొచ్చారు. దాతలన్నాక ఫొటోలుండవా? దాతలకుంటే మా సంఘం పెద్దలకుండవా? మేడ మీద నాయిక చిలకతో కబురు పంపుతున్న బొమ్మలో చిలకను తీసేసి ఉపాధ్యక్షులవారిని పెట్టాం, కూలింగ్ గ్లాసులతో సహా! విరహం రెట్టింపయింది. వేట బొమ్మలో లేడి ఉన్నచోటికి కోశాధికారి గారొచ్చారు. రాజుగారి బాణం తిన్నగా ఆయన నుదుటి మీదకే! అపశకునమని ఆయన భార్య గోల పెడితే బాణం చెరిపేశాం. ఇప్పుడు రాజుగారు ఉత్త విల్లు పట్టుకుని వ్యాయామం చేస్తున్నారు. ఆరోగ్యానికి మంచిదే కదా! రెల్లుపూలా? అక్కడ మహిళా విభాగం వారు పదకొండు మంది బారుగా నిలబడ్డారు. గాలికి ఊగరు, అంతే తేడా.

పద్యాలు చోటు చాలక చీమలంత అక్షరాల్లోకి వెళ్లాయి. భూతద్దం కొనుక్కున్నవాళ్లు చదువుకుంటారు.

ఆవిష్కరణ సభకి దుర్గారావు కూతురు తనూజను వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ వెనక వరసలో కూర్చుని పుస్తకమంతా వేలు పెట్టి వెతికారు. మళ్లీ మొదటినుంచి వెతికారు.

"నాన్నా, నీ పేరేదీ?" అందా పిల్ల.

ప్రభాకర్ గారు పాపం చాలా నొచ్చుకున్నారు. "చోటు చాల్లేదయ్యా. అయినా నీదేముంది, మనోడివి!" అన్నారు.

ఇంతకీ సలహాదారు హోదాలో నా ఫొటో కూడా పడిందండోయ్! ప్రతి బొమ్మకీ కింద కుడి మూలన, తపాలా బిళ్లంత. మరీ చిన్నదైందని అలిగాను కూడా. దుర్గారావు పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"మీ ఫొటో బాగా వచ్చిందండీ. ప్రతి బొమ్మకీ ఆ మూలనే నా సంతకం పెట్టానండీ."

ఎత్తిపొడుపుగా అన్నా బాగుండేది. మామూలుగానే అన్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అయినా సరే, ఫొటోలు వరమేనని బల్లగుద్ది చెబుతాను. రెండో ముద్రణలో నాది ఇంకాస్త పెద్దది వేస్తామన్నారు. వద్దని చెబుదామని మూడుసార్లు ఫోన్ తీశాను. తీసిన ప్రతిసారీ అందులో ఇంకా మంచి ఫొటో కనబడితే, అదే పంపించేశాను.