పెట్టె తెరవకముందే స్పందన

ఈ దేశంలో చదివేవాళ్లు ఎక్కువైపోయారని, స్పందించేవాళ్లు తగ్గిపోయారని, ఆ లోటును మన జిల్లాయే పూడ్చబోతోందని ప్రత్యేకాధికారి నరసింగరావు గారు మా హైస్కూలు మైదానంలో మైకు పట్టుకుని ప్రకటించారు. ఆ చారిత్రక సమయంలో నేను స్కూలు గేటు పక్కనే ఉన్నాను. నా జిరాక్స్ షాపు అక్కడే ఉంది కాబట్టి ఏ చారిత్రక సమయమైనా నన్ను తప్పించుకుపోలేదు.

పథకం పేరు ‘చదువు - స్పందించు’. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ ఒక ఇంగ్లీషు పుస్తకం చదవాలి, దాని మీద రీసెర్చ్ చెయ్యాలి, ఆపైన ఇంగ్లీషులో రెస్పాన్స్ రాయాలి. ఆ రెస్పాన్సులన్నీ యాప్‌లో ఎక్కాలి. అందరికన్నా బాగా రాసినవారిని మంత్రిగారు సభలో సత్కరిస్తారు.

అన్న మాట ప్రకారం పుస్తకాలు వచ్చాయి. ఆకుపచ్చ రంగేసిన పెద్ద చెక్కపెట్టె, దానికో తాళం. హెడ్మాస్టరు జగన్నాధం గారు దాన్ని తన గదిలో పెట్టించి, రిబ్బను కట్టించి, కుంకంబొట్టు పెట్టించారు. మంత్రిగారు వచ్చి ప్రారంభించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మా ప్రాంతంలో ఈ మర్యాద మొదటినుంచీ ఉంది. మా ఊరి బస్సు షెల్టరుకి ప్రారంభోత్సవం కాలేదని చుట్టూ తాడు కడితే, వేసవి అంతా జనం దాని పక్కన ఎండలో నిలబడే బస్సెక్కారు. ఒక్కరైనా తాడు దాటలేదు.

చిక్కల్లా తారీకుల దగ్గర వచ్చింది. మంత్రిగారికి తీరిక తక్కువ. అందుకని పథకం ప్రారంభమూ, పథకం ఘనవిజయమూ ఒకే సభలో ప్రకటించాలని పైనుంచి ఆదేశం. అంటే పెట్టె తెరిచే రోజుకి రెస్పాన్సులు సిద్ధంగా ఉండాలి. పెట్టె తెరవకుండా పిల్లలు ఎలా చదువుతారని ఇంగ్లీషు టీచరు హైమవతి గారు అమాయకంగా అడిగారు.

“చదివాక ఎవరైనా స్పందిస్తారు మేడమ్. చదవక ముందే స్పందించడంలోనే స్కిల్ ఉంది” అన్నారు నరసింగరావు గారు.

ఇంతటి మాట నా జన్మలో వినలేదు. వెంటనే షాపులోకి వెళ్లి దేశసేవ మొదలుపెట్టాను. ‘ఇది చాలా మంచి పుస్తకం. ఇందులో మంచి నీతి ఉంది. నాకు ఈ పుస్తకం చాలా నచ్చింది’ అని ఇంగ్లీషులో ఒక పేజీ టైపు చేసి, పేరు దగ్గర ఖాళీ వదిలి ఉంచాను. సాయంత్రానికి తరగతిలో ఒక్కరు తప్ప అందరికీ ఆ పుస్తకం నచ్చేసింది.

ఆ ఒక్కరు నూకయ్య కూతురు శ్రావణి. నూకయ్య మా వీధి రైతు, నాకు అన్న వరస. ఈ పిల్లకి ఒక జబ్బుంది. అచ్చుపడిన కాగితం కనబడితే వదలదు. నా షాపులో చెడిపోయిన కాపీలన్నీ ఏరుకుని చదువుతుంది. వకీళ్ల నోటీసులు, పెళ్లి శుభలేఖలు, పురుగుమందు వాడే విధానం, ఏదైనా సరే. పాఠ్యపుస్తకం కాని ఇంగ్లీషు పుస్తకం దాని చేతికి ఎప్పుడూ రాలేదు. మొదటి బహుమతి వచ్చినవాళ్లు పెట్టెలోంచి మొదటి పుస్తకం ఇంటికి తీసుకెళ్లొచ్చని హైమవతి గారు నోరు జారారు. అప్పటినుంచి పిల్లకి అన్నం సహించడం లేదని వాళ్లమ్మ అసిరమ్మ నా దగ్గర గోల పెట్టింది.

నా పేజీ ఇస్తానంటే శ్రావణి పుచ్చుకోలేదు.

“రీసెర్చ్ అంటే మన కళ్లతో సూసి, పదిమందిని అడిగి, ఎలాగ తెలిసిందో రాయడమని మేడమ్ సెప్పినారు సిన్నాన్నా. పుస్తకం లేదు కదా, పెట్టి మీద సేస్తాను” అంది.

చేసింది కూడా. గది ఊడ్చే వంతు అడిగి తీసుకుని పెట్టె చుట్టూ తిరిగింది. తెచ్చిన ఆటోవాణ్ని నిలదీసింది. నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాసి నాకు చూపించింది. తెలుగులో చెప్పాలంటే అందులో సంగతి ఇది. ‘ఈ పెట్టె మీద మా కుంకంబొట్టు కింద పాత బొట్లు చాలా ఉన్నాయి. మేకులకి రంగురంగుల రిబ్బను ముక్కలు చిక్కుకుని ఉన్నాయి. పెట్టె ఎండుచేపల వాసన వేస్తోంది. మా ఊళ్లో చేపలు ఎండబెట్టరు కనుక ఇది సముద్రం ఒడ్డు ఊళ్లో కొన్నాళ్లు ఉండి వచ్చింది. ఇంకో స్కూలు నుంచే తెచ్చానని ఆటో నడిపే గంగులు చెప్పాడు. నేనూ నా స్నేహితురాలూ దీన్ని సులువుగా ఎత్తగలిగాం. పుస్తకాలుంటే ఎత్తలేం. కాబట్టి ఈ పెట్టెను చాలాసార్లు ప్రారంభించారనీ, ఇందులో పుస్తకాలు లేవనీ నా అభిప్రాయం. ఇది తప్పని తేలితే నాకు చాలా సంతోషం.’

చదివిన వెంటనే చింపెయ్యమని బతిమాలాను. అప్పటికే హైమవతి గారు దాన్ని యాప్‌లోకి ఎక్కించేశారు. సభ ముందురోజు ఫలితం వచ్చింది. జిల్లాలో మొదటి బహుమతి శ్రావణికి. అందరూ ఒక పేజీ రాస్తే ఈ పిల్ల నాలుగు రాసిందని, కొట్టివేతలు లేవని నరసింగరావు గారు తెగ మెచ్చుకున్నారు. కాగితాలు తెప్పించుకుని ఎర్ర సిరాతో ‘వెరీ గుడ్’ అని రాసి సంతకం చేశారు.

సభ రోజున స్కూలు హాల్లో మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. తాళంచెవి జిల్లా కేంద్రంలో ఉండిపోయిందని నరసింగరావు గారు చెవిలో చెప్పారు. పుస్తకాలు గాలి తగిలితే పాడవుతాయి, అలాగే ఉంచండి అని మంత్రిగారు ముందుచూపు ప్రదర్శించారు. తర్వాత శ్రావణి రాసినది చేతికందితే, తనకూ ఇంగ్లీషు వచ్చని తెలియజేసే అవకాశం వదులుకోలేక మైకులో మొత్తం చదివి వినిపించారు. ఎంత గంభీరమైన గొంతు! ఎండుచేపల వాసన దగ్గర చెయ్యి పైకెత్తారు. పుస్తకాలు లేవన్న చోట కాసేపు ఆగారు. ఆగారు కాబట్టి జనం చప్పట్లు కొట్టారు. నరసింగరావు గారు ఆ దృశ్యాన్ని ఫోనులో తీస్తున్నారు. జగన్నాధం గారు సీలింగు ఫ్యాను చూస్తున్నారు. హైమవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మంత్రిగారు శ్రావణి మెడలో దండ వేసి, అమ్మా, నీకేం కావాలో అడుగు అన్నారు.

“పెట్టి తెరవండి సార్. ఒక పుస్తకం ఇస్తే సాలు.”

“చూశారా జ్ఞానదాహం!” అని ఆయన ఆనందబాష్పాలు తుడుచుకున్నారు. మళ్లీ చప్పట్లు. ఫొటో అయ్యాక గంగులు పెట్టెను ఒక్కడే భుజాన వేసుకుని ఆటోలో పెట్టాడు. పిల్లకి నాలుగు పేజీలూ లామినేషన్ చేసి బహూకరించారు. ఆ లామినేషన్ నాదే.

శ్రావణి రచనను జిల్లా అంతటికీ మోడల్ రెస్పాన్సుగా పంపాలని ఆదేశం వచ్చింది. లామినేషన్ మీంచి ముందొక కాపీ తీసి, మిగతావి తియ్యడానికి కూర్చున్నాను. పిల్ల వచ్చి, ఉండు సిన్నాన్నా అని, ఆ కాపీ నాలుగో పేజీ అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం కలిపింది. ‘ఇది చదివినవారు దయచేసి మా స్కూలుకి ఒక పుస్తకం పంపండి.’ కింద మా ఊరి పేరు రాసింది.

కాపీలు అన్ని స్కూళ్లకీ వెళ్లాయి. శ్రావణి రోజూ షాపుకి వచ్చి పోస్టుమాన్ ఏమైనా ఇచ్చాడా అని అడిగేది. ఏమీ రాలేదు.

మొన్న పాతపట్నం వైపు నుంచి ఒక మాస్టారు వచ్చి, తమ స్కూలుకీ పెట్టె వచ్చిందని, తమ పిల్లకీ మొదటి బహుమతి వచ్చిందని, దాన్ని లామినేషన్ చెయ్యమని ఇచ్చారు. అవే బొట్లు, అదే ఎండుచేపల వాసన, అదే అభిప్రాయం. అక్షరాలు ఇంకా గుండ్రంగా ఉన్నాయి. అడుగున ‘దయచేసి మా స్కూలుకి ఒక పుస్తకం పంపండి’ అని ఉంది. ఊరి పేరు మాత్రం తమదే రాసుకుంది ఆ పిల్ల. దాని పక్కన ఎర్ర సిరాతో టిక్కు, వెరీ గుడ్.

శ్రావణి ఆ కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది.

“ఈ పిల్ల సూసి దించీసిందా సిన్నాన్నా, లేకపోతే దీనికీ పుస్తకం కావాలేటి?”

మిషన్ వేడెక్కుతోంది, ఇలా తే అన్నాను.