తొమ్మిది వేల నాలుగొందల పన్నెండు మంది

కూతురు బుజ్జి కంటికి కనబడకుండా పోతుందేమోనన్నదే ఆమెకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం. దొంగలంటే భయం లేదు, దయ్యాలంటే లేదు, అత్తగారంటే కొంచెం ఉన్నా దీని ముందు అదేపాటి. ఏడాదిన్నర పిల్ల. నిద్రపోతున్నా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. తను స్నానం చేయాలంటే పిల్లని ఎదురుగా ప్లాస్టిక్ తొట్లో కూర్చోబెట్టుకునేది. అలా ఆ పిల్ల రోజుకు రెండు స్నానాలు ఎక్కువే చేసేది.

ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషికి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని చేసుకునే ఉద్యోగం దొరకడం మామూలు సంగతి కాదు. కౌన్సిల్ వారి మ్యూజియంలో గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చోవడం ఆమె పని. లోపలికి ఎవరైనా వస్తే చేతిలో ఉన్న లెక్క మెషీన్ మీట ఒకసారి నొక్కాలి. టిక్కుమంటుంది, అంకె ఒకటి పెరుగుతుంది, అంతే. టిక్కెట్టు లేదు, చిల్లర గొడవ లేదు. మూడు గదుల్లో మొదటిదాంట్లో పాత త్రాసులూ తూనికరాళ్ళూ, రెండోదాంట్లో చెక్క అచ్చుయంత్రం, మూడోదాంట్లో ఊరి పాత ఫొటోలు ఉండేవి. వాటిని చూడటానికి రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. వాన పడితే ఐదారుగురు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఏడాదికి పదిహేను వందల మందైనా రాని చోటికి ఇక నిధులు ఇచ్చేది లేదనీ, సామాను పెట్టెల్లో సర్ది తలుపులు మూసేస్తామనీ కౌన్సిల్ కాగితం పంపింది. లెక్క చెప్పడానికి ఆఖరు గడువు ఆ ఉదయం పది గంటలు. వారం కిందట ఆమె చూసినప్పుడు మెషీన్‌లో ఆరువందల నలభై ఉంది. అంటే కథ కంచికి వెళ్ళినట్టే. భర్త అక్కగారు ముందే తను పనిచేసే రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చోటు మాట్లాడిపెట్టింది. అక్కడ పిల్లలను మూడో అంతస్తులో పెడతారు, తల్లులు కింద కుట్టుకోవాలి. మధ్యలో ఉన్న ఆ రెండు అంతస్తులు తలుచుకుంటేనే ఆమె బుజ్జిని ఇంకాస్త దగ్గరికి లాక్కునేది.

కాబట్టి ఆ ఉదయం అనుకున్న ప్రకారం జరగవలసింది చాలా చిన్న పని. అంకె చూసి చెప్పాలి, మ్యూజియం పెద్ద అయిన క్యూరేటర్ గారి దగ్గర మంచి పనిమంతురాలినని ఒక ఉత్తరం రాయించుకోవాలి, పదకొండింటికి వదిన వస్తే ఆవిడ వెంట వెళ్ళిపోవాలి.

క్యూరేటర్ గారు మూడో గదిలో, గుమ్మానికి వీపు పెట్టి, ఏదో దస్తావేజులో తల దూర్చి కూర్చునే మనిషి. పదిహేడేళ్ళుగా అదే కుర్చీ, అదే వీపు. మనుషుల మాట మీద ఆయనకు గురి లేదు. రాసి ఉన్నదే జరిగినట్టు. ఒకసారి తన పెళ్ళిరోజు ఎప్పుడో భార్యతో వాదన వస్తే శుభలేఖ తెచ్చి చూపించి నెగ్గాడట.

"ఎంతమ్మా?" అన్నాడు ఆమె స్టూలు దగ్గరికి వచ్చి, పెన్ను తెరిచి.

ఆమె మెషీన్ చూసింది. కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. అంకెలు తెలియని మనిషి కాదు, కానీ తనకు తెలిసినదాన్ని నమ్మే అలవాటు ఎనిమిదో తరగతి దగ్గరే ఆగిపోయింది.

"సార్, నాకు సరిగా చదవడం రావట్లేదేమో. మీరొకసారి చూడండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. చూశాడు. కళ్ళజోడు తీసి చూశాడు. తొమ్మిది వేల నాలుగొందల పన్నెండు. పెన్ను చేతిలోంచి జారి కింద పడింది.

"తొమ్మిది వేల మంది," అన్నాడు. "నా వెనకనుంచి తొమ్మిది వేల మంది నడిచి వెళ్ళారు. నేను ఒక్కసారీ తల ఎత్తలేదు."

"అంతమంది వచ్చినట్టు నాకు గుర్తు లేదు సార్."

"గుర్తుకేముందమ్మా, నాకు మాత్రం గుర్తుందా? మెషీన్‌లో ఉంది కదా." ఆయన కింద పడ్డ పెన్ను తీశాడు. "కూర్చోండి అని కూడా అనలేదు ఒక్కరినీ. ఏమనుకుని ఉంటారు?"

ఆమె అవతలివైపు తిరిగి ఆలోచించేలోపే ఆయన కౌన్సిల్‌కి ఫోన్ చేసి అంకె చెప్పేశాడు. అదే సమయంలో ఒళ్ళో టిక్, టిక్, టిక్ అని చప్పుడు. ఆమె తల వంచి చూసింది. బుజ్జి రెండు చేతులతో మెషీన్ పట్టుకుని, పై అధికారి లేని ఆఫీసులో గుమాస్తాలాగా తాపీగా మీట నొక్కుతోంది. పళ్ళు వస్తూ వారం రోజులుగా ఒకటే ఏడుపు. ఊరుకుంటోంది కదా అని దాన్ని పిల్ల చేతికిచ్చింది తానే.

ఆమె గబుక్కున మెషీన్ లాక్కుంది. "సార్, ఒక్క మాట," అంది.

"తరవాతమ్మా. ముందు గుమ్మంలోకి వెళ్ళాలి. కనీసం పదో వెయ్యి వాళ్ళనైనా నిలబడి పలకరించాలి," అంటూ ఆయన జుట్టు దువ్వుకుని వీధి మెట్ల మీదకు వెళ్ళిపోయాడు. పదిహేడేళ్ళలో పని వేళల్లో ఆయన ముఖం వీధికి కనబడటం అదే మొదలు. ఎదురు కొట్టు జిరాక్సాయన ఎవరో కొత్త మనిషి చేరాడనుకున్నాడు.

ఫోన్ పెట్టేసిన అరగంటలో కౌన్సిల్ మేడమ్ బయలుదేరిందని కబురొచ్చింది. కళలూ మ్యూజియాల కమిటీకి ఆవిడే పెద్ద. వెంట ఇంజనీరు కూడా వస్తున్నాడట. సరిగ్గా అప్పుడే వదిన దిగింది. ఒక్కతే కాదు, రాత్రి షిఫ్టు దిగి ఇళ్ళకు వెళ్ళే ఆరుగురు కుట్టుపనివాళ్ళు కూడా వెంట ఉన్నారు. క్యూరేటర్ గారు ఎదురువెళ్ళి చేతులు జోడించాడు.

"రండి, రండి. ఇన్నాళ్ళూ మిమ్మల్ని పట్టించుకోలేదు. మనసులో పెట్టుకోకండి."

వదిన నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "నేను మా మరదల్ని తీసుకెళ్దామని వచ్చానండీ."

"అందరూ ఏదో ఒక వంకతోనే వస్తారు," అని ఆయన ఏడుగురినీ త్రాసుల గదిలోకి నడిపించేశాడు. ఒక్కో తూనికరాయినీ పేరుపేరునా పరిచయం చేయడం మొదలుపెట్టాడు. వదిన వెనక్కి తిరిగి మరదలివైపు గుడ్లురిమి, "ఏమ్మా, మీ సారుకి ఒంట్లో బాగానే ఉందా?" అంది.

"నెమ్మదిగా చెప్తాను వదినా. బుజ్జిని చూస్తూ ఉండు. వద్దులే, నా దగ్గరే ఉండనీ."

మేడమ్ లోపల అడుగుపెట్టేసరికి కనబడ్డ దృశ్యం ఇది. ఏడుగురు ఆడవాళ్ళు త్రాసు చుట్టూ గుమిగూడి ఉన్నారు. క్యూరేటరు చెమటలు కక్కుతూ వివరిస్తున్నాడు. ఒకావిడ నిలబడే కునుకు తీస్తోంది. మేడమ్ తెల్లబోయింది. ఫోన్‌లో అంకె విన్నప్పుడు ఆవిడకు రవ్వంత అనుమానం కలిగింది, అదిప్పుడు పోయింది.

"పొద్దున్నే ఇంత రద్దీనా?" అంది.

"పని దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చాం మేడమ్," అంది వదిన నిష్ఠూరంగా. మేడమ్ అది మెచ్చుకోలనుకుని డైరీలో రాసుకుంది.

అయితే ఇంజనీరు చూపు త్రాసు మీద లేదు, నేల మీద ఉంది. చెక్క నేల. ఆయన ఒకసారి మడమ ఎత్తి దించాడు, కిర్రుమంది. రెండోసారి చిన్నగా గెంతాడు, కిటికీ అద్దాలు గలగలలాడాయి.

"ఇది రోజుకు నలుగురైదుగురు నడవడానికి వేసిన నేల మేడమ్. తొమ్మిది వేల మంది తొక్కారంటే ఇంకా నిలబడి ఉండటమే విచిత్రం. ఇవాళే తాళం వేయాలి."

క్యూరేటర్ గారు త్రాసు పట్టుకుని కొయ్యబారిపోయాడు. జనం రాకపోతే మూసేస్తామన్నారు, వచ్చారంటే ఇవాళే మూసేస్తామంటున్నారు. ఎటు చూసినా బుజ్జి మూడో అంతస్తులోనే తేలుతోంది. ఇంక దాచి ఏం లాభం అనుకుని ఆమె పిల్లని చంకనెత్తుకుని ముందుకొచ్చింది.

"మేడమ్, ఆ తొమ్మిది వేల మందీ నేల తొక్కలేదు. నా ఒళ్ళోనే ఉన్నారు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె నోటితో చెప్పలేక మెషీన్ బుజ్జి చేతికిచ్చింది. బుజ్జి అందరివంకా ఒకసారి చూసి, దరఖాస్తులు ఇంకేమీ లేవని తేల్చుకున్నాక, పనిలోకి దిగింది. ఒక్క నిమిషంలో డెబ్బై మంది వచ్చారు. ఇంజనీరు తనకు తెలియకుండానే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"అంటే, ఎవరూ రాలేదా?" అన్నాడు క్యూరేటర్ గారు నీరసంగా.

"వచ్చారు సార్, ఆరువందల నలభై మంది. ఒక్కొక్కరినీ చూసి నేనే నొక్కాను. వారం నుంచే తప్పింది. తప్పు నాదే."

ఆయన స్టూలు మీద కూలబడి, "హమ్మయ్య," అన్నాడు. "ఆరువందల నలభై మందికైతే ఉత్తరాలు రాసైనా క్షమాపణ చెప్పుకోవచ్చు."

మేడమ్ ఆమెను తేరిపార చూసింది. తిడుతుందని ఆమె బుజ్జిని గట్టిగా హత్తుకుంది. ఆవిడ తిట్టలేదు. సంచీలోంచి కౌన్సిల్ వారి మిగతా రెండు చోట్ల, అంటే చిత్రశాల, రికార్డాఫీసుల లెక్కలు తీసింది.

"తప్పయిందని చెప్పినవాళ్ళని ఈ పదవిలో చూడటం ఇదే మొదటిసారి. అసలు పదిహేను వందల నియమం పెట్టిందే రికార్డాఫీసుని చూసి. చిత్రశాలకి ఏడాదంతా ఐదొందల పది మందే. పాత కాగితాలు చూడటానికి మాత్రం పద్దెనిమిది వేల ఆరొందల మంది వెళ్ళారట. వాళ్ళకి వీలైంది మీకెందుకు కాదని..."

"ఏ రికార్డాఫీసు మేడమ్?" అన్నాడు ఇంజనీరు.

"మనకి ఉన్నది ఒక్కటేగా."

"కప్పు కారుతోందని రెండేళ్ళ కిందట నేనే దానికి తాళం వేశాను మేడమ్."

ఈసారి నిలబడి కునుకు తీస్తున్నావిడ కూడా కళ్ళు తెరిచింది. మేడమ్ కాగితాలు తిరగేసింది. ప్రతి నెలా లెక్క ఉంది, దాని కింద రికార్డు కీపరు సంతకం ఉంది. పోస్టులోనే వచ్చాయి.

"తాళం వేసేముందు లోపల చూశారా?"

"గుమ్మంలోంచి పిలిచాను మేడమ్."

"పలికారా?"

"లేదండి. మాట్లాడరాదని బోర్డు ఉంటుంది కదా లోపల."

మేడమ్ నిలువుగుడ్లు వేసుకుని కిందటి నెల కాగితం పైకి చదివింది. సందర్శకులు పగలూ రాత్రీ తేడా లేకుండా వస్తున్నారనీ, ఫైళ్ళన్నీ తిరగేసి అంచులు పాడుచేస్తున్నారనీ, వాళ్ళను అదుపులో పెట్టడం ఒక్కడివల్ల కావడం లేదనీ రాసి ఉంది.

"ఎలుకలు మేడమ్," అన్నాడు ఇంజనీరు మెల్లగా.

అక్కడికక్కడే పదిహేను వందల నియమం కొట్టేశారు. మనుషులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆరువందల నలభైతో ఊళ్ళో అన్నిటికంటే ముందున్నది ఈ మ్యూజియమే. రోజుకు ఇద్దరో ముగ్గురో అయితే నేల తట్టుకుంటుందని ఇంజనీరూ ఒప్పుకున్నాడు. ఏడాది నిధులకు మేడమ్ త్రాసు పళ్ళెం మీదే కాగితం పెట్టి సంతకం చేసింది. వెళ్ళేముందు వదిన కొంగు దులుపుకుని, "అయితే నువ్వు రానట్టే కదా," అంది.

"రాను వదినా. ఏమీ అనుకోకు."

"ఎందుకొస్తావులే. తొమ్మిది వేల మందిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నదానివి, మా కుట్టు మిషను నీకేం ఆనుతుంది."

ఆమె నవ్వలేదు. ఒక మనిషి రెండేళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండిపోవడం ఆమెకు మింగుడుపడలేదు. సాయంత్రం ఇంటికి వెళుతూ చుట్టుతిరుగుడైనా రికార్డాఫీసు వీధిలోంచే వెళ్ళి ఎదురింటివాళ్ళను వాకబు చేసింది. పొద్దున్నే మేడ కిటికీలోంచి తాడుకట్టిన బుట్ట దిగుతుందనీ, అందులో వాళ్ళు పాలూ రొట్టే పెడతారనీ, నెలకోసారి అందులో వచ్చే కవరు పోస్టు చేస్తారనీ, అంతకుమించి తమకేమీ తెలియదనీ అన్నారు. తాళం తీయాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి, సమావేశం వచ్చే నెలలో ఉంది. ఈలోగా మీలో ఎవరికైనా అటువైపు పని పడితే, రికార్డాఫీసు దగ్గర కాసేపు ఆగి ఆ పెద్దమనిషి ఎలా ఉన్నాడో కనుక్కుని రండి. తలుపుకి తాళం పడిందన్న సంగతి ఆయనకు కాగితం మూలంగా ఇంకా ఎవరూ తెలియజేయలేదు.