రేడియో గొంతు నమూనా

రేడియో వినబడకపోవడం ఇంటి సమస్య కాదు, పరిపాలనా సమస్య. ఈ సత్యాన్ని గుర్తించే ప్రభుత్వం ప్రాంతీయ శబ్ద స్పష్టతా విభాగాన్ని నెలకొల్పింది. (ఆ ఆఫీసులో ఫోను మోగినా ఎవరికీ వినబడదని గిట్టనివాళ్ళు అంటారు.)

విజయనగరంలో సంగీతం టీచరుగా చేసి రిటైరైన ప్రసూనాంబగారికి ఆ విభాగంతో పని పడింది. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆమె రేడియో స్టేషనుకెళ్ళి ఓ కృతి పాడి వచ్చారు. అది ప్రసారమైన పూట ఊరంతా కరెంటు పోయింది. అయినా వీధిలో అందరూ బాగా పాడావన్నారు. నలభై ఆరేళ్ళ తర్వాత ఇప్పుడా టేపు దొరికిందనీ, శనివారం ఉదయం ఏడున్నరకు వేస్తామనీ కబురొచ్చింది. ఇంట్లో నాన్నగారి వాల్వుల రేడియో పెట్టి చూస్తే దోమ ఆలాపన చేస్తున్నట్టుంది. ఫోనులో వినొచ్చు కదా అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. ఆనాడు కరెంటు వచ్చేదాకా నాన్నగారు ఈ పెట్టె ముందు నుంచి లేవలేదన్న సంగతి ఆమె వాళ్ళకు చెప్పలేదు. సోమవారం యాప్‌లో ఫిర్యాదు పెట్టారు.

మంగళవారమే సహాయ స్పష్టతాధికారి ఉదయభాస్కర్ వచ్చాడు. రేడియో గొంతు నమూనా జతచేయాలంటూ ట్యాబు దాని మూతి దగ్గర పెట్టాడు. ట్యాబు మూడుసార్లు ఎర్రబడింది.

"ఏటంటోంది బాబూ?"

"గొంతు స్పష్టంగా లేదంటోందండి."

"నా ఫిర్యాదూ అదే కదా!"

"అదేనండి. కానీ స్పష్టంగా లేని గొంతుతో పెట్టిన ఫిర్యాదు తీసుకోడానికి రూలు లేదు. ముందు బాగుచేయించి నమూనా ఇచ్చీండి. అప్పుడు మేం బాగుచేస్తాం." (ఈ రూలు రాసినాయనకు ప్రమోషను వచ్చింది.)

గురువారం పాతపట్నం నుంచి పాత మెకానిక్కు నూకయ్యను పిలిపించారు. అతను వెనక అట్ట విప్పి, వాల్వులన్నీ ఎర్రగా వెలుగుతున్నాయని చూసుకుని, ఏరియల్ కన్నంలో వేలు పెట్టాడు. రేడియో గర్జించింది.

"సెట్టు గుండ్రాయిలాగున్నాది టీచరమ్మా. పైన ఏరియల్ తీగ పోయింది. సూద్దాం రండి."

మేడమీద తీగ రెండుగా తెగి ఉంది. తెగినచోటే, కిందటి నెల ఆమె ఊళ్ళో లేనప్పుడు బోల్టులేసి బిగించిన ఇనప బోర్డుంది. 'ఈ ప్రాంతమున ప్రసారములు స్పష్టముగా వినబడును. బోర్డునకు పది మీటర్లలోపు ఏ తీగయు కట్టరాదు. శబ్ద స్పష్టతా విభాగము.' మేడ మొత్తం తొమ్మిది మీటర్లు.

ఆమె ఉదయభాస్కర్‌కి ఫోను చేశారు.

"బోర్డుందాండీ? అయితే స్పష్టంగా వినబడుతున్నట్టే కదండీ," అన్నాడతను, నిజంగానే సంతోషిస్తూ.

శనివారం ఏడున్నరకు అయిదు నిమిషాలుందనగా నూకయ్య ఓ తీగముక్క రేడియోకి తగిలించి, రెండో కొస ఆమె చేతికిచ్చాడు. "ట్రాన్స్‌ఫార్మర్ సెట్టేనమ్మా, కరెంటు కొట్టదు, బయం లేదు. గట్టిగా పట్టుకుని సెయ్యి పైకెత్తండి. మనిసి కూడా ఏరియలే."

ఆమె చెయ్యెత్తారు. గరగర తగ్గింది. దాని వెనకనుంచి పంతొమ్మిదేళ్ళ పిల్ల పాడుకుంటూ వచ్చింది. అనుపల్లవిలో ఒకచోట శ్రుతి జారింది. ఇక్కడ నాన్నగారు నాకేసి ఓ చూపు చూసుందురు, అనుకున్నారు ప్రసూనాంబగారు. కళ్ళు తుడుచుకోవాలి. ఎత్తిన చెయ్యి లాగేస్తోంది.

"సెయ్యి మార్సుకోండమ్మా."

"మారిస్తే పోతుందేమో, వద్దు నూకయ్యా."

తుది తనిఖీకి వచ్చిన ఉదయభాస్కర్ గుమ్మంలోనే నిలబడిపోయి, చివరిదాకా విన్నాడు. చెప్పులు కూడా విడిచాడు. తర్వాత చెయ్యెత్తి ఉన్న ఆమెను ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం వచ్చింది. 'ఫిర్యాదు పరిష్కరించడమైనది. సదరు ఇంట ఏరియల్ ఒకటి, వయసు అరవై అయిదు, సంతృప్తికరముగా పనిచేయుచున్నది. ముందస్తు అనుమతి లేనిదే ఏరియల్ ఊరు విడిచి వెళ్ళరాదు. ఏటా నవంబరులో, తాను బతికే ఉన్నట్టు ధ్రువపత్రము సమర్పించవలెను.'