కిటికీ చెమట మీద దండయాత్ర

సూర్యుడనువాడు మబ్బు దుప్పటి ముసుగు తన్ని, లేవనా మాననా అని దొర్లుచున్న ఒకానొక ఆదివార ప్రభాతమున, రాత్రి కురిసిన వానకు వెలుపల వీధులెల్ల చల్లబడి, లోపల వంటింటి పొయ్యిమీద పాలును, నీళ్ళును, అన్నపు టెసరును ఏకకాలమున కుతకుతలాడుచుండగా, ఒక మూడవ అంతస్తు ఇంటి వంటింటి కిటికీ అద్దమునకు ముచ్చెమటలు పోసెను. ఆ చెమటను ఫొటో తీయ సంకల్పించి, చలిబాల్కనీలో స్వెట్టరు కవచము తొడిగి, మెడను కెమెరా ధరించి నిలిచిన ధీరుడే మన కథానాయకుడు: తపాలాఫీసు స్టాంపుల కౌంటరు గుమాస్తా, ఛాయాచిత్రకళాతపోధనుడు, మసకేశ్వర బిరుదాంకితుడు. ఆ బిరుదు ఏ చక్రవర్తి కొలువులోనూ వచ్చినది కాదు. పక్క కౌంటరు గుమాస్తా పెట్టినది. ఈయన తీసిన ఫొటోలో ఏది ఏమిటో కనిపెట్టిన మానవుడు ఇంకా పుట్టలేదు మరి.

లోకమంతా పులుల వెంట, పెళ్ళిళ్ళ వెంట కెమెరా పట్టుకుని పరుగెత్తుచుండగా, మన మసకేశ్వరుడు తడిసిన మెట్లను, టీ గ్లాసు మీది ఆవిరిని, ఆఫీసు వరండాలో నీరుకారు గొడుగులను తీసి, "ఇందులో వాతావరణం ఉంది" అనేవాడు. ఉండవచ్చును. కాని ఊరి ఫొటోగ్రఫీ క్లబ్బు అధ్యక్షుడు, వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు, ఆయన ఫొటోలను పుచ్చిపన్నును చూచినట్లు చూచి ఏటేటా పక్కన పెట్టుచుండెను. ప్రదర్శనలో గోడకెక్కనివారికి ఆ క్లబ్బులో మరియొక గౌరవము కలదు. వారు కుర్చీలు సర్దవలెను. మన వీరుడు సభ్యుడైననాటి నుండి కుర్చీలే సర్దుచుండెను. ఈసారి కూడా ఫొటో నిలవకపోతే కుర్చీల కమిటీకి శాశ్వత కన్వీనరును చేసేస్తామని అధ్యక్షుడు నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నా ఆ మాట ఈయనకు ముల్లులా గుచ్చుకుంది. గడువు ఈ మధ్యాహ్నముతో సరి.

అట్టి మహాసంకల్పమునకు ఎదురు నిలిచిన శక్తి ఎవరయ్యా అంటే, ఇంటనే ఉన్నది. అత్తగారు. కూతురింటికి వచ్చి చేరినది మొదలు ఆమెను పొయ్యి దగ్గరకు కూతురు రానీయదు, మెట్లు దిగుటకు మోకాళ్ళు ఒప్పవు. మిగిలినది తుడుచుట. బల్ల, అలమర, తలుపు గడియ, చూడవచ్చిన చుట్టము కళ్ళజోడు సైతము ఆమె మసిగుడ్డ దెబ్బకు తళతళలాడవలసినదే. తడి అద్దము కంటబడెనా, ఆమెకు ముద్ద దిగదు. అందుకని అల్లుడు ముందుగానే సంధి చేసుకొని, ఫొటో అయ్యేదాకా కిటికీ ముట్టుకోవద్దని బతిమాలుకొనెను. ఆమె సరేనన్నది. సరేనని, మసిగుడ్డ ఒళ్ళో పెట్టుకొని, కిటికీకి ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చున్నది.

అంతట మసకేశ్వరుడు చలిబాల్కనీ విడిచి వంటింటి రణరంగమున అడుగిడెను. అడుగిడినదే తడవు, చల్లని కెమెరా కంటికి వెచ్చని ఆవిరి తగిలి, కిటికీకి పట్టవలసిన చెమట లెన్సుకు పట్టెను. అది తుడుచునంతలో కళ్ళజోడుకు పట్టెను. కళ్ళజోడు తుడుచునంతలో మరల లెన్సుకు పట్టెను. ఇట్లు ఉభయ శత్రువుల నడుమ పోకచెక్కవలె నలిగి, విసిగి వేసారి, కళ్ళజోడు తీసి కూరగాయల బుట్టలో పడేసి, కెమెరా దానంతట అదే ఫోకస్ చేసుకొను మీట నొక్కి, యంత్రముపై భారము వేసెను. యంత్రము మహా బుద్ధిశాలి. చినుకు చినుకును దాటుకొని, అద్దమును దాటుకొని, ఎదురు మేడమీద ఎవరో తీయ మరచిన చారల తువ్వాలుపై దృష్టి నిలిపెను. టకటకటక ఫొటోలు పడెను. కళ్ళజోడు వెదకి తగిలించుకొని చూచుకొనగా, జీవితములో మొట్టమొదటిసారి మన వీరుని ఫొటో స్పష్టముగా వచ్చెను. తువ్వాలు చారలు లెక్కపెట్టుకోవచ్చు. చెమటబిందువులు మాత్రము అలికేసినట్లున్నవి.

ఇంతలో భార్య పొయ్యి కట్టేయబోయెను. అప్పుడాయన నిజముగా అన్నది "కాస్త ఆగవే" అని. వీరగాథలో అట్లు చెప్పిన పరువు దక్కదు కనుక ఇట్లు చెప్పెదము: "ఓ గృహలక్ష్మీ! ఈ బాష్పబిందుసందోహము ఎండిన దినమున నా కీర్తిలతయు ఎండును! ఎసరు మరగనిమ్ము! ప్రపంచము మరగనిమ్ము!"

దానికామె తొణకలేదు. అన్నం ఎప్పుడో మెత్తబడిపోయిందన్నది. ఆ మీదట తల్లి వైపొకసారి చూచి, గొంతు తగ్గించి, "ఈ ఇంట్లో అమ్మకి మనం మిగిల్చిన పని తుడవడం ఒక్కటేనండీ. పొద్దున్నించీ చేతులు కట్టేసి కూర్చోబెట్టారు" అన్నది.

ఆ మాటకు ఆయన గుండె చివుక్కుమన్నది. చివుక్కుమన్నను, గడువు గడువే గదా. మరల కెమెరా ఎత్తెను. యంత్రము మరల తువ్వాలు వైపే పోయెను. చెమట బొట్లు ఒకదానినొకటి మింగి, బలిసి, ధారలై, కిటికీ చట్రపు చెక్కమీదికి దిగుచుండెను. ఎంత సంధి అయినను, చెక్క నానుచుండగా చూచుచు ఊరకుండు ఆడది ఎవతె? అత్తగారు మోకాళ్ళు పట్టుకొని లేచెను. అల్లుడు వలదు వలదనునంతలో మసిగుడ్డాస్త్రము అద్దముపై పడి, ఈ కొసనుండి సగము దాకా ఒక్క ఊపున దూసికొనిపోయెను. దిగ్భ్రాంతిచే ఆయన వేలు ఫొటో తీయు మీటమీద పడెను.

"క్షమించండి బాబూ, ఉండబట్టలేకపోయాను" అన్నదామె.

మసకేశ్వరుడు నేలపై చతికిలబడి, ఏడ్వలేక, కెమెరా తెర చూచుకొనెను. చూచి నోరు తెరిచెను. ఇంతసేపు అద్దముపై పట్టు దొరకక దేశములు పట్టి తిరిగిన యంత్రమునకు, ఆ ముసలిచేయి అద్దమును తాకగానే పట్టు దొరికినది. చేతిమీది ముడత ముడతయు, మసిగుడ్డ పోగు పోగును, తుడవని సగములో బిందువు బిందువును, ఒక్కొక్క బిందువులో తలకిందులైన వీధియు కనబడుచుండెను.

ఆ మధ్యాహ్నము క్లబ్బులో పళ్ళ డాక్టరు దానిని చాలాసేపు చూచి, "నీ ఫొటోలో ఏముందో ఇన్నాళ్ళకి తెలిసిందయ్యా" అన్నాడు. ఫొటో గోడకెక్కెను. ఏ గోడకందురా? స్విచ్‌బోర్డు పక్కన, మరుగుదొడ్డికి దారి చూపు బాణము కింద. అయిననేమి, ఆ దారిన పోనివాడెవ్వడు? ప్రదర్శనలో అందరూ తప్పక చూచిన ఫొటో అదొక్కటే.

అత్తగారు కూతురి చేయి పట్టుకొని, ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి, ఫొటో ముందు నిలబడెను. "నా చెయ్యేనా ఇది? ఇంత ముసలిదైపోయిందేంటి" అని తనలో తాననుకొని, చెంగుతో ఫ్రేము అద్దమొకసారి తుడిచెను. తుడిచి, "మిగతా సగం తుడవనిచ్చారు కాదు" అన్నది.

అల్లుడు పోయి, ఒక కుర్చీ మోసుకొని వచ్చెను. అధ్యక్షుడు అటునుండి చూచి, ఈ ఏడు నీకు కుర్చీల డ్యూటీ లేదు కదయ్యా అని కేకవేసెను. "లేదండీ, ఇదొక్కటే" అన్నాడాయన.

వినుడో జనులారా! ఆవిరిని గెలిచి, తువ్వాలును గెలిచి, అత్తగారి చేత ఓడి గెలిచిన మసకేశ్వరుడు ఆ ఏడు ఒకే ఒక్క కుర్చీ సర్దెను. కూర్చొనబోవుచు దానినీ ఆమె ఒకసారి తుడుచుకొనెను.